రాజమండ్రిలో పాట వెతుక్కుంటూ

గోదావరి స్నానానికి రాజమండ్రి వచ్చేవాళ్లు పుష్కరాల రేవులో మునిగి, కోటిలింగాల రేవులో దీపం వదిలి, రోజ్‌మిల్క్ తాగి రైలెక్కేస్తారు. ఇది పాటల ఊరు కూడానని తోచదు. మొన్న కార్తికమాసంలో నేనూ మా వదినా ఆటో ఎక్కకుండా రేవు నుంచి ఊళ్లోకి నడిచాం.

ముందు టౌన్‌హాలు. కందుకూరి వీరేశలింగం గారు 1890లో కట్టించారు. అంతకు పదేళ్ల ముందే ఆయన రాసిన వ్యవహారధర్మబోధినిని ఈ ఊళ్లో ఆడారు. తెలుగు నాటక ప్రదర్శనకి అదే మొదలంటారు. తర్వాత చిలకమర్తి వారి గయోపాఖ్యానం, హార్మోనియం, రాత్రంతా పద్యాలు! టంగుటూరి ప్రకాశం గారు కుర్రతనంలో ఇక్కడి నాటకాల్లో ఆడవేషాలు వేశారు.

"మగాళ్లకి చీరలెందుకు? పాడే ఆడవాళ్లు లేకనా?" అంది వదిన.

ఉన్నారు. క్షేత్రయ్య పదాలు, జావళీలు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు కళావంతుల ఆడవాళ్ల నోట ఉండేవి. గుళ్లో వాళ్లే, పెళ్లి మేజువాణీలో వాళ్లే. మన ఇళ్లలో ఆడపిల్లకి అక్షరం ముక్క రాని రోజుల్లో వాళ్లకి సాహిత్యం వచ్చు. ఆ మేళాలనే వీరేశలింగం గారు వివేకవర్ధనిలో తూర్పారబట్టారు. పెద్దమనుషుల భోగాలమీద ఆయన కోపం న్యాయమైనదే. కానీ దెబ్బ తగిలింది పెద్దమనుషులకా? పాడే ఆవిడకి!

అలాగని ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. 1881 డిసెంబరు 11న ఆయన ఇంట్లోనే తొలి వితంతు వివాహం జరిగింది. మా ముత్తమ్మమ్మ చెల్లెలు పదకొండో ఏట భర్త పోయి, బతికినన్నాళ్లూ వంటింటి గోడకి ఆనుకునే బతికింది. ఆయన మాట మావాళ్ల చెవిన పడుంటే ఆవిడ బతుకు వేరుగా ఉండేది. ఆ ఇంటి ముందు నిలబడి దణ్ణం పెట్టుకున్నాను.

1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం తెచ్చింది. గుడికి ఆడపిల్లల్ని అంకితమివ్వడం ఆగింది, ఆగాల్సిందే. దాంతోపాటు గుళ్లో వాళ్ల ఆటా ఆగిపోయింది. మండపేట, మురమండ, బల్లిపాడుల్లో పెద్దావిడలు తమ పాటని ఇంటి గోడలమధ్యే దాచుకున్నారు. నటరాజ రామకృష్ణ గారు ఆంధ్రనాట్యాన్ని మళ్లీ నిలబెట్టాలనుకున్నప్పుడు అలాంటి కళాకారిణుల గుమ్మాలే ఎక్కారు. అప్పటికి వాళ్లు ముసలివాళ్లు. పదం పాడుతూ, కూర్చున్నచోటే కళ్లతో, చేతులతో అభినయం పట్టి చూపించారు.