ఇంటి అద్దెలు - నాటి చట్టం, నేటి జాగ్రత్తలు

మనలో చాలామందిమి సర్వీసంతా అద్దె ఇళ్లలో గడిపి, రిటైరయ్యే నాటికి ఒక ఇల్లు కట్టుకుని, అందులో ఒక వాటా అద్దెకిచ్చినవాళ్లమే. పింఛనుకు ఆ అద్దె తోడైతే మందుల ఖర్చుకు పిల్లల ముందు చేయి చాచనక్కరలేదు. అందుకే అద్దెదారుతో పేచీ వస్తే మనకు నిద్ర పట్టదు. ఈ పేచీల వెనుక పెద్ద చరిత్రే ఉన్నది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పట్టణాల్లో ఇళ్ల కొరత ఏర్పడి, ప్రభుత్వాలు అద్దెలను అదుపు చేయనారంభించాయి. 1949లో మద్రాసు రాష్ట్రంలోనూ, 1954లో హైదరాబాదు రాష్ట్రంలోనూ అద్దె నియంత్రణ చట్టాలు వచ్చాయి. 1953లో కర్నూలు రాజధాని అయినప్పుడు డేరాల్లో కాపురం చేసిన సంగతులు మా సీనియర్ గుమాస్తాలు చెబుతుండేవారు. 1956లో రాజధాని హైదరాబాదుకు మారాక, రెండు ప్రాంతాలకూ కలిపి 1960లో ఒకే చట్టం చేశారు.

ఆ చట్టం అద్దెదారుకు గట్టి అండ. అద్దె ఎగవేయడం, అనుమతి లేకుండా మరొకరికి అద్దెకివ్వడం, యజమానికి నిజంగా ఇల్లు అవసరం కావడం వంటి కారణాలు రుజువైతేనే ఖాళీ చేయించాలి. యజమాని అద్దె తీసుకోనంటే మనియార్డరు చేయవచ్చు. 1978లో మా యజమాని అద్దె పెంచితేనే తీసుకుంటానని భీష్మించినప్పుడు నేనూ అదే చేశాను. రసీదులన్నీ భద్రపరిచాను. అవే నన్ను ఆ ఇంట్లో నిలబెట్టాయి.

అయితే నాణేనికి రెండో వైపు కూడా ఉన్నది. 1960 చట్టం న్యాయమైన అద్దెకు 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల అద్దెలను ప్రాతిపదికగా తీసుకున్నది. ధరలు ఎన్నో రెట్లు పెరిగినా అద్దె పెరగకపోతే యజమాని సున్నమైనా ఎందుకు వేయిస్తాడు? కొత్త ఇళ్లు కట్టేవారిని ప్రోత్సహించడానికి 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన భవనాలను చట్టం నుంచి మినహాయించారు. ఏళ్లు గడిచినా ఆ మినహాయింపు అలాగే కొనసాగడం సమానత్వానికి విరుద్ధమని 1983 అక్టోబరులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఆ డిసెంబరులోనే ప్రభుత్వం కొత్త భవనాలకు పదేళ్ల మినహాయింపునిస్తూ జీవో ఇచ్చింది. 2005 సవరణతో నగరపాలక సంస్థల్లో నెలకు 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలు చట్టం పరిధి నుంచి తప్పుకున్నాయి. అలాంటి తగాదాలు సివిల్ కోర్టుకు చేరాయి.

ఇక సభ్యులు తరచు అడిగే సంగతులు. పదకొండు నెలల అగ్రిమెంటు ఎందుకు? ఏడాదికి మించిన లీజునే రిజిస్టరు చేయించాలని 1908 నాటి చట్టం మొదట్లో అన్నది గనుక. గడువు తీరినంత మాత్రాన సామాన్లు బయట పడేయడం, కరెంటు, నీళ్లు ఆపడం కూడదు. వేరే ఒప్పందం లేకపోతే, నెలవారీ అద్దె ఇంటికి పదిహేను రోజుల నోటీసు ఇచ్చి, అప్పటికీ వినకపోతే కోర్టుకు వెళ్లాలి. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా చట్టం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదన్నది. కానీ రాష్ట్రం చట్టం చేస్తేనే అది అమలవుతుంది. ఆదాయపు పన్నులో, మునిసిపల్ పన్ను పోగా మిగిలిన అద్దెపై 30 శాతం తగ్గింపు ఉన్నది. మరమ్మతుల బిల్లులు చూపనక్కరలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటి. మా సహోద్యోగి ఒకరు కాలం చేశాక, అద్దె ఎవరికివ్వాలో తెలియదంటూ అద్దెదారు ఆయన భార్యకు ఎనిమిది నెలలు పైసా ఇవ్వలేదు. అగ్రిమెంటు ఎక్కడున్నదో ఆమెకు తెలియదు. కనుక సోదర పింఛనుదారులారా, వీలునామా, ఇంటి కాగితాలు, అగ్రిమెంటు ఎక్కడున్నాయో ఇంటావిడకు ఈరోజే చూపించండి. అద్దె బ్యాంకు ద్వారానే తీసుకోండి.

ఒకప్పుడు మనమూ అద్దెదారులమే. మన యజమానుల నుంచి మనం ఎలాంటి మర్యాద కోరుకున్నామో, అదే మన అద్దెదారులకూ ఇద్దాం. కాగితం మాత్రం పక్కాగా రాసుకుందాం.