కొలిచి పెట్టిన కూడు: పాలమూరు, నల్లగొండల చవక తిండి చరిత్ర

మన అభ్యుదయ సాహిత్యం ఆకలిని గురించి రాసినంతగా, ఆకలిగొన్న మనిషి తిన్న తిండిని గురించి రాయలేదు. ఆకలి మనకు ప్రతీక అయింది, నినాదమయింది, కథకు ముగింపయింది. కాని చేతిలో డబ్బాడని మనిషి ఎల్లకాలం పస్తుండడు. పస్తు ఒక పూటదో, రెండు పూటలదో. మిగిలిన రోజులన్నీ అతడు ఏదో ఒకటి తిని మర్నాటి పనికి లేచి పోతూనే ఉంటాడు. ఆ 'ఏదో ఒకటి' ఏమిటి? దాన్ని ఎవరు కొలిచారు? ఎంత కొలిచారు? ఏ ప్రయోజనం కోసం కొలిచారు? ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల చరిత్రను ఈ ప్రశ్నలతో చదివితే, నిన్నటి జొన్న గట్క నుంచి నేటి నూడుల్స్ పొట్లం దాకా ఒక వరస కనిపిస్తుంది.

తిండి చరిత్రకెక్కదగిన విషయమని తెలుగువారికి నేర్పినవాడు పాలమూరు మనిషే. ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి, జనం ఏం కట్టారు, ఏం తిన్నారు, ఏ ఆటలాడారు అని వెతికాడు. తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1955లో ఆ గ్రంథానికే దక్కింది. అయితే ఆయనకు దొరికిన ఆధారాల్లో ఎక్కువ భాగం కావ్యాలు. కావ్యాలు రాసినవారూ, రాయించుకున్నవారూ వరి అన్నం తిన్నవారు. శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్న పల్నాటి చాటువుల్లో జొన్నకూడు ఎగతాళి వస్తువు. ఎగతాళి చేసినవాడు దారిన పోయే అతిథి. ఆ కూడే తిని పొలం దున్నినవాడి మాట ఆ చాటువుల్లో లేదు.

పాలమూరు, నల్లగొండ మెట్టనేలల్లో ఆ కూడే ప్రధానాహారం. వాన మీద ఆధారపడిన చెల్కల్లో పండేవి జొన్న, సజ్జ, కొర్ర, తైదలు. జొన్నలు దంచి, విసిరి, రవ్వ చేసి, మరిగే ఎసట్లో పోసి గట్క వండేవారు. దానిమీదికి ఇంత పచ్చిపులుసో, పుంటికూరో, అదీ లేకుంటే గొడ్డుకారమో. మిగిలిన గట్కను మర్నాటి పొద్దున మజ్జిగలోనో, ఉత్త నీళ్ళలోనో పిసికి తాగి పనికి పోయేవారు. ఇది చవక తిండి అన్నప్పుడు ఆడమనిషి చాకిరి లెక్కలోకి రాలేదు. కోడి కూయకముందే రోలు దగ్గర నిలబడింది ఆమె. కట్టెలు ఏరుకొచ్చిందీ, నీళ్ళు మోసిందీ, కూలికి పోయి వచ్చి మళ్ళీ పొయ్యి ముందు కూర్చున్నదీ ఆమె. ఆ శ్రమకు ఎవరూ వెల కట్టలేదు కాబట్టే గట్క చవక.

కూలి కూడా చాలాకాలం గింజల్లోనే ముట్టేది. సోల, తవ్వ, మానిక అనేవి కొలతల పేర్లే కాదు, కూలివాడి బతుకుకు గీసిన గీతలు. మానిక యజమానిది, పోసే చెయ్యి యజమానిది.

ఇవాళ కొందరు చేస్తున్నట్టు ఆ గట్కను అమృతమని పొగడనక్కరలేదు. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1960 ప్రాంతంలో దక్కన్‌లో జొన్న మీదే బతికే పేదలకు పెల్లాగ్రా వ్యాధి ఎందుకు వస్తున్నదో పరిశోధించారు. చర్మం మాడినట్టయి, నోరు పూసి, ముదిరితే మతి చలించే జబ్బు అది. దోషం జొన్నది మాత్రమే కాదు. పక్కన పప్పు, పాలు, మాంసం లేని కంచానిది. బీదవాడి తిండిని హేళన చేసే దృష్టికీ, దాన్ని ఆరోగ్య రహస్యంగా కీర్తించే దృష్టికీ ఒకటే లోపం: రెండూ కంచాన్ని చూస్తాయి గాని, కంచంలోకి ఎంత వచ్చిందో చూడవు.

కొలత ఎంత కఠినంగా ఉండగలదో ధాత కరువు చూపింది. 1876-78 నాటి ఆ కరువు నిజాం రాజ్యాన్నీ, మైసూరునూ, మద్రాసు రాజధానినీ చుట్టుకుంది. పాలమూరుకు నది ఆవలనున్న కర్నూలు అప్పట్లో మద్రాసు రాజధానిలోనిది. ఆ రాజధాని కరువు పనుల్లో 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ మగకూలీ రోజు కూలిని ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యానికీ, దానిపై ఒక అణాకూ కుదించాడు. అది పనిచేసే ఒంటికి చాలదని మద్రాసు పారిశుధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోట్లాడాడు. కొద్ది నెలలకే ఆ కొలతను సడలించక తప్పలేదు. కార్నిష్ మానవత్వాన్ని మనం గౌరవించాలి. కాని ఆ వివాదమంతా గ్రాముల మీద నడిచిందని మరవరాదు. మనిషి చావకుండా, పార పట్టుకునేంత ఓపికతో ఉండడానికి కనీసం ఎంత చాలు? పాలకుడు వేసుకున్న ప్రశ్న అది. తిండి హక్కుగా కాక ఖర్చుగా లెక్కకెక్కినప్పుడు పుట్టే ప్రశ్న అదే.

నది ఇవతల కొలిచే చెయ్యి దొరది. గింజలు అయిపోయిన రైతు దొర దగ్గర నాగు తెచ్చుకుని, పంట రాగానే తెచ్చినదానికి సగం కలిపి కల్లంలోనే కొలిచి ఇవ్వాలి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో దీనిమీద సర్కారు లేవీ వచ్చి పడింది. దేశముఖు తన లెక్క తప్పించుకునేవాడు. చిన్నరైతు తిండిగింజలు సర్కారు ధరకు పోయేవి. పండించినవాడే తిండికి మళ్ళీ అప్పు అడగవలసిన స్థితి. 1944లో నల్లగొండ జిల్లా భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్రమహాసభ సభ్యత్వ రుసుమును ఒక అణాకు తగ్గించి ఈ మనుషులకు తలుపు తెరిచింది. అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉన్న పాలకుర్తిలో విసునూరు దేశముఖు మనుషులు చాకలి ఐలమ్మ కోసిన పంటను ఎత్తుకుపోవడానికి వస్తే, సంఘం కార్యకర్తలు ఆ ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ పోరాటాన్ని మనం భూమి కోసం జరిగిన పోరాటమని రాస్తాం, నిజమే. అయితే అది గింజ దగ్గర మొదలైంది. గడీల ధాన్యం పంచిన రోజున మానిక చేతులు మారింది.

ఆ మానిక ఎక్కువకాలం ఆ చేతుల్లో నిలవలేదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ఆ కట్ట మీదా, ఆ తర్వాత శ్రీశైలం మీదా, ఇంకా ఎన్నో ఆనకట్టల మీదా మట్టి మోసినవారిని దేశం 'పాలమూరు లేబర్' అంది. గుంపు మేస్త్రీ ముందుగా బయానా ఇస్తాడు. పనిచోట వారానికింత తిండి ఖర్చు చేతిలో పెడతాడు. అసలు లెక్క పని ముగిశాకే. ఆ వారం ఖర్చు ఎంత చిన్నదైతే, చివరి లెక్కలో కూలీకి అంత మిగులుతుందని ఆశ. అందుకే కూలీ తన కడుపును తానే కొలుచుకుంటాడు. దొర చేతిలోని మానిక ఇప్పుడు కూలీ మనసులోకి వచ్చింది. ఆ కట్టల నీళ్ళు నల్లగొండలో సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలను వరిపొలాలు చేశాయి. పాలమూరు చెల్కలు మాత్రం చాలాకాలం వాన కోసమే చూశాయి. 2002-03 కరువు నాటికి కూడా ఈ పల్లెల్లో గంజి కేంద్రాలు వెలిశాయి.

1983 ఈ చరిత్రలో మలుపు. ఆ జనవరిలో అధికారానికొచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఏప్రిల్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలుపెట్టింది. మనిషికి ఐదు కిలోలు, కుటుంబానికి 25 కిలోలకు మించకుండా. పండుగకు తప్ప వరి అన్నం ఎరగని ఇళ్ళలో రోజూ తెల్లబువ్వ ఉడికింది. దీన్ని చిన్నచూపు చూసేవాడు రోలు మోసిన చేతులను ఎరగనివాడు. దంచే పని తప్పడం ఆడకూలీకి నిజమైన విముక్తి. అయినా కొలిచే చెయ్యి ప్రభుత్వానిదే. 1994లో తిరిగి రెండు రూపాయలు చేసిన ధర 1996లో మూడున్నర అయింది. 2008లో మళ్ళీ రెండు, 2011లో ఒకటి. 2025 మార్చి 30న హుజూర్‌నగర్‌లో, ఒకప్పుడు ఉమ్మడి నల్లగొండలో భాగమైన చోట, మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇవ్వడం ప్రారంభమైంది. ఈలోగా జొన్న చేలు చాలావరకు పత్తి చేలయ్యాయి. నిన్నటి బీదవాడి జొన్న నేడు పట్నపు చక్కెర రోగికి ఖరీదైన పథ్యం.

1846లో ఇంగ్లండు పెట్టుబడిదారులు ధాన్యచట్టాలు రద్దు చేయించి, చవక రొట్టె కార్మికుడికి వరమన్నారు. రొట్టె చవకైతే కూలి కూడా చవకవుతుందని 1848లో మార్క్స్ బ్రసెల్స్‌లో చేసిన ప్రసంగంలో చెప్పాడు. మన రెండు రూపాయల బియ్యం జనం ఓటుతో వచ్చింది కాబట్టి దాన్ని అదే గాటన కట్టలేం. అది ఒక మేరకు ప్రజల విజయం. కాని ఇంటి దగ్గర ముసలివాళ్ళూ పిల్లలూ రేషను బియ్యంతో బతుకుతారు కనుక వలసపోయిన కూలీని తక్కువ కూలికి తిప్పుకోవడం మేస్త్రీకి సులువైందనీ గమనించాలి. ఒకే బియ్యపు గింజకు ఈ రెండు ముఖాలూ ఉన్నాయి.

అదే 1983లో నెస్లే సంస్థ మ్యాగీ నూడుల్స్‌ను మన దేశానికి తెచ్చింది. ఇలా వేడినీళ్ళతో తయారయ్యే నూడుల్స్‌ను 1958లో జపానులో మొమొఫుకు ఆండో కనిపెట్టాడు. యుద్ధానంతరం అమెరికా గోధుమ ఆ దేశంలోకి దిగుతున్న కాలమది. మొదట్లో ఆ పొట్లం తాజా నూడుల్స్ కంటే కొన్ని రెట్లు ఖరీదు. మన దగ్గరా అది పట్నపు మధ్యతరగతి పిల్లల చిరుతిండిగానే వచ్చింది. నాలుగు దశాబ్దాలలో అది మెట్లు దిగి, అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ గదుల్లో పోటీపరీక్షలకు చదివే పల్లె యువకుల నెలాఖరు భోజనమయింది. బెంగుళూరు, ముంబయి పనిచోట్ల వలసకూలీ రాత్రికూడయింది. రెండు జిల్లాల పల్లెల్లోని కిరాణా దుకాణాలకూ చేరింది.

ఇది నిజంగా చవకేనా? 70 గ్రాముల దరిదాపు ఉండే పొట్లానికి పదీ పదిహేను రూపాయలు. కిలోకు లెక్కగడితే నూటయాభై నుంచి రెండు వందల పైమాట. అంటే సన్నబియ్యం కంటే ఎన్నో రెట్లు. టెంపుల్ ఇచ్చిన 450 గ్రాములతో పోల్చితే ఆరోవంతు బరువు. మరి డబ్బు లేనివాడు ఇది ఎందుకు కొంటాడు? తెలివి లేక కాదు. నెల సరుకు ఒకేసారి కొనే డబ్బు అతని దగ్గర లేదు, పది రూపాయలున్నాయి. గదిలో గ్యాసు లేదు, కరెంటు కెటిలు ఉంది. వంట చేసే మనిషి లేదు, తనకు పొద్దు లేదు. అతని పేర వచ్చే బియ్యం ఊళ్ళో ఉంది, అతడు ఊళ్ళో లేడు. 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య మొదలై క్రమంగా దేశమంతా విస్తరించిన రేషను బదిలీ సదుపాయం ఉన్నా, బియ్యం వచ్చినంతలో పొయ్యి రాదు. గట్కలో లెక్కకు రాని ఆడమనిషి శ్రమను కంపెనీ యంత్రానికి అప్పగించి, 'రెండు నిమిషాలు' అని పేరుపెట్టి, దానికి వెల కట్టి అమ్మింది. లేనివాడు కొంటున్నది పిండి కాదు, తనకు లేని పొయ్యినీ తీరికనూ.

2015 జూన్‌లో సీసం మోతాదు మించిందంటూ జాతీయ ఆహార భద్రతా సంస్థ మ్యాగీ అమ్మకాలు ఆపించింది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. నవంబరులో సరుకు మళ్ళీ అంగళ్ళకు వచ్చింది. ఆ నెలల్లో పొట్లంలో ఏముందన్న చర్చ దేశమంతా జరిగింది. పూట భోజనంగా ఆ పొట్లాన్నే తినవలసిన మనిషి గదిలో ఏం లేదన్న చర్చ జరగలేదు.

ఆ చర్చ రచయితలది. నకిరేకల్లు దగ్గరి మాధవరంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి ఇతరుల ఇళ్ళలో వంటచేసి, హోటల్లో సర్వరుగా పనిచేసి రచయిత అయ్యాడు. వడ్డించే చెయ్యికి కొలత తెలుస్తుంది. నేడు పాలమూరు, నల్లగొండల నుంచి రాస్తున్న యువరచయితలు 'ఆకలి' అన్న మాట రాసేముందు ఆగి, ఆ పూట ఏం వండారు, ఎన్ని గ్రాములు, ఏ పొయ్యి మీద, ఎవరు వండారు, ఆ డబ్బు ఏ లెక్కలో కోతపడింది అని రాయాలి. గట్కను తలచుకుని కన్నీరు పెట్టడమూ, నూడుల్స్‌ను చూసి అసహ్యించుకోవడమూ రెండూ సులభమే. కష్టమైన పని, అవసరమైన పని, మానిక ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో పేరుపెట్టి చెప్పడం. పాలకుర్తి కల్లం దగ్గర నిలబడ్డవారు చేసింది ఆ పనే.