తల వంచడం ఎవరి మర్జీ?

టోక్యోలో హరాజుకు స్టేషన్ దిగి రెండడుగులు వేస్తే అడవి మొదలవుతుంది. చెట్లని చూస్తే వెయ్యేళ్ల నాటివేమో అనిపిస్తాయి. నిజానికి వందేళ్లవే. 1912లో మెయిజీ చక్రవర్తి, 1914లో ఆయన మలికా షోకెన్ పోయాక, వాళ్ల యాద్‌లో షింతో మందిరం కట్టాలని సర్కారు తీర్మానించింది. దేశం నలుమూలల నుంచీ జనం దాదాపు లక్ష చెట్లు పంపారు. 1920లో తలుపులు తెరిచారు. అదే మెయిజీ జింగు. 1945లో బాంబులకి కాలిపోతే 1958లో మళ్లీ కట్టుకున్నారు.

మా చిన్న గుంపుకి చూపించింది రిటైరైన టీచరమ్మ. ‘తోరీ’ అనే పెద్ద కొయ్య కమాన్ దగ్గర ఆగి, కాస్త తల వంచి, దారికి ఓ పక్కగా నడవమంది. నడుమ దారి ‘కామి’దట. కామిని దేవుడని తర్జుమా చేస్తారు గానీ, మనం ఖుదా అనే మాటకీ దానికీ పొత్తు కుదరదు. కొండ, వాగు, పాత చెట్టు, గొప్ప మనిషి, ఏదైనా కామి కావొచ్చు. షింతోకి పైగంబర్ లేడు, ఖురాన్‌లాంటి ఒక కితాబ్ లేదు, చదవాల్సిన కల్మా లేదు.

లోపలికి పోయేముందు నీళ్ల తొట్టి. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, నోరు పుక్కిలించడం, మళ్లీ ఎడమ చెయ్యి. వజూ గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది! మనం కుడితో మొదలెడతాం, వాళ్లు ఎడమతో, అంతే. లోపల కంటికి కనిపించే బుత్ లేదు. మజార్ కూడా లేదు, చక్రవర్తి ఖబర్ క్యోటోలో ఉంది. రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, ఇంకోసారి వంగుతున్నారు జనం. నేను పక్కన నిలబడితే ఆమె గమనించి, చెయ్యకపోయినా ఏం కాదు, మాలో చాలామంది దీన్ని మతం అనుకోరు, ఆనవాయితీ అనుకుంటారు అంది.

ఆమె ఖుల్లా దిల్‌తో అన్న మాట అది. కానీ సరిగ్గా ఇదే మాటని ఒకప్పుడు జపాన్ సర్కారు హుకుంగా వాడింది.

మెయిజీ కాలంలోనే 1889 దస్తూర్ మతస్వేచ్ఛ ఇచ్చింది. మరి షింతోని అందరి మీదా రుద్దడం ఎలా? దీనికి తోవ వెతికారు: మందిరాలు మతం కిందికి రావు, దేశభక్తి కిందికి వస్తాయి అన్నారు. మతం కాదన్నాక కాదనే హక్కు ఎవరికుంటుంది! 1890లో చక్రవర్తి పేర తాలీమ్ మీద ఒక ఫర్మానా వచ్చింది. బడుల్లో దాన్ని చదివేటప్పుడు అందరూ వంగాలి. 1891 జనవరిలో ఉచిమురా కాన్జో అనే క్రైస్తవ ఉస్తాద్ దాని ముందు పూర్తిగా వంగలేకపోయాడు. గద్దార్ అన్నారు. నౌకరీ పోయింది.

ఇక్కడ మన హైదరాబాద్ సంగతి ఒకటి. ఉర్దూలో పై చదువులు చెప్పే ఉస్మానియా యూనివర్సిటీ మొదలైన కొత్తలో, 1922లో, నిజాం సర్కారు తాలీమ్ నాజిమ్ రాస్ మసూద్ జపాన్ వెళ్లారు. సర్ సయ్యద్‌కి మనవడు. సైన్సు దాకా అన్నీ తమ జబాన్‌లోనే నేర్పి ఓ ఆసియా దేశం ఎలా లేచిందో చూడటం ఆయన మఖ్సద్. 1923లో రిపోర్టు అచ్చయింది. ఉర్దూ మీడియంలో చదివిన నాలాంటి వాళ్లకి ‘జపాన్‌ని చూడండి’ అన్న మాట పాఠంలా వినపడుతూ ఉండేది. ఆ తారీఫ్ నిజమే. మాదరీ జబాన్‌లో చదువు అబ్బుతుందనడానికి జపానే గవాహీ. కాకపోతే అవే తరగతి గదుల్లో ఆ ఫర్మానా ముందు పిల్లలు వంగుతూ ఉన్నారు. ఈ రెండో సగం మాకెవరూ చెప్పలేదు.

జపాన్ కబ్జాలో ఉన్న కొరియాలో జబర్దస్తీ ఇంకా ముదిరింది. 1938 సెప్టెంబరులో పోలీసుల పహారా మధ్య అక్కడి ప్రెస్బిటేరియన్ చర్చి పెద్దల చేత, మందిరంలో వంగడం విగ్రహారాధన కాదని తీర్మానం చేయించారు. ఒప్పుకోని పాదరీ జూ గి చియోల్ 1944లో జైల్లోనే ప్రాణం విడిచారు.

అదే 1938 మే నెలలో, మెయిజీ జింగుకి దగ్గర్లోనే యొయొగిలో టోక్యో మసీదు తెరుచుకుంది. రష్యా నుంచి వలసొచ్చిన తాతార్ ముస్లింల మసీదు. ముస్లిం ముల్కుల దోస్తీ జపాన్‌కి అప్పుడు అవసరం, అందుకే సర్కారు మెహర్బానీ కూడా తోడైంది. మనకి తలుపు తెరిచిన ఆ ఏడే కొరియా చర్చి మెడ వంచారు. ఆ మసీదు గురించి ముచ్చటగా రాసే మనవాళ్లు ఈ సగాన్ని వదిలేస్తుంటారు.

యుద్ధం ఓడాక, 1945 డిసెంబరులో అమెరికా సైన్యం హుకుంతో మందిరాలకి సర్కారుతో రిష్తా తెగింది. మెయిజీ జింగు ఇప్పుడు ప్రైవేటు ధార్మిక సంస్థ. 1947లో అమల్లోకొచ్చిన దస్తూర్ 20వ అధికరణం, ఎవరినీ ఏ మతక్రియలోనూ బలవంతంగా పాల్గొనేలా చేయకూడదని తేల్చింది. అయినా ఝగడా తెగలేదు. సూ అనే పట్నంలో మునిసిపాలిటీ సొమ్ముతో షింతో పద్ధతిలో శంకుస్థాపన చేస్తే, అది లోకాచారమే, తప్పులేదని 1977లో సుప్రీంకోర్టు అంది. ఎహిమే రాష్ట్ర సర్కారు యాసుకుని మందిరానికి ఖజానా నుంచి కానుకలు పంపితే, ఇది మజ్‌హబే, కుదరదని 1997లో అదే కోర్టు అంది.