తాండా నడిచిన రోజు

పోస్టు కొంచెం పెద్దదే. హాస్టల్లో తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

తంబళ్లపల్లె, మదనపల్లె వైపు మన సుగాలీల ఊర్ల పేర్ల చివర 'తాండా' అని ఉంటుంది కదా. పాతకాలంలో ఆ మాటకు అర్థం వేరు. సరుకు మోసే ఎద్దులు, వాటి వెంట నడిచే ఆడామగా, పిల్లాజెల్లా, వంటసామాను, కుక్కలు, అన్నీ కలిపి ఒక తాండా. అంటే కదిలే ఊరు.

ఆ తాండా ఒక రోజు ఎట్లా గడిచేదో చూసి రాసినోడు ఒకడున్నాడు. పీటర్ మండీ అనే ఇంగ్లీషాయన. 1632లో ఆగ్రా–పాట్నా దారిలో ఆయనకు ఒక తాండా ఎదురైంది. ఎద్దులు 14,000. అన్నిటి మీదా ధాన్యమే. ఒక్కో ఎద్దు సుమారు వంద కిలోలు మోస్తుందనుకున్నా 1,400 టన్నులు. పది టన్నుల లారీలైతే 140 కావాల. అంత సరుకూ డీజిల్ లేకుండా, రోడ్డు లేకుండా పోతా ఉండేది.

అయితే రోజుకు నడిచేది ఆరేడు మైళ్లే. అదీ చల్లపూట. తర్వాత బరువులు దించి ఎద్దుల్ని మేతకు తోలేస్తారు. మొదటిసారి చదివినప్పుడు ఇంత నిదానమా అనిపిస్తుంది. కానీ అసలు కిటుకు ఆ నిదానంలోనే ఉంది. ఎద్దుకు మేయడానికి, నెమరేయడానికి గంటలు గంటలు కావాల. ఆ టైము ఇస్తే దారిలో గడ్డి ఊరికే దొరుకుతుంది. గడ్డి కొనాల్సి వస్తే సరుకు మీద లాభం ఎద్దు కడుపులోకే పోతుంది. ఎకనామిక్స్ చదివే మనోళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. మన భాష రాజస్థానీకి చుట్టం, మన మూలం మార్వాడ్ వైపని పెద్దోళ్లు చెప్తారు. గడ్డీ నీళ్లూ చూసుకుని రోజును కొలిచే అలవాటు ఆ ఎడారి నేలలోనే పట్టుబడిందేమో అని నాకనిపిస్తుంది.

ఎక్కడ ఆగాల అనేది కూడా ఎద్దే చెప్పేదంట. 'హటాడియా' అని ఒక ఎద్దును బాలాజీకి వదిలేసేవాళ్లు. దాని మీద బరువు వెయ్యరు. ఎర్ర పట్టు కుచ్చులు, గంటలు, గవ్వల దండలు కట్టి అన్నిటికంటే ముందు నడిపిస్తారు. అది అలిసి ఎక్కడ పండుకుంటే ఆ పూటకు అదే మజిలీ. జబ్బు చేసినోళ్లు దాని కాళ్ల దగ్గరే మొక్కుకుంటారు. ఇది కంబర్లెజ్ అనే అధికారి బేరారు వైపు బంజారాల గురించి రాసింది, మన చిత్తూరు సంగతి కాదు. కానీ తిరుపతిలో చదివే మనకు ఆ బాలాజీ పేరు చూస్తే ఊరుకోబుద్ధి కాదు. హాథీరాంజీని మనోళ్లు తమవాడిగానే కొలుస్తారు. 1843 నుంచి 1933 దాకా తిరుమల గుడిని నడిపింది ఆయన పేరు మీదున్న మఠమే.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిస్ టిప్పు మీదికి పోతూ, ఆంబూరు వైపు పోతున్నట్టు నమ్మించి మొగిలి కనుమ ఎక్కి పలమనేరు చేరినాడు. చిత్తూరు నుంచి పలమనేరు బస్సెక్కితే వచ్చే ఘాటు అదే. మార్చిలో బెంగుళూరు పట్టుకున్నాడు. మే నెలలో శ్రీరంగపట్నం దాకా పోయి కూడా వెనక్కి తిరగాల్సొచ్చింది. తిండి లేదు, ఎద్దులు చచ్చిపోయినాయి, పెద్ద ఫిరంగుల్ని లాగే దిక్కు లేక వాళ్ల చేతులతో వాళ్లే పాడుచేసుకున్నారు. అప్పుడు తెలిసొచ్చింది కంపెనీకి బ్రింజారీల విలువ. వాళ్ల రాతల్లో బ్రింజారీలంటే మనోళ్లే. అలెగ్జాండర్ రీడ్ అనే అధికారి వాళ్లను కూడగట్టి ధాన్యం పైకి తెప్పించినాడు. 1792లో ఆ సైన్యం మళ్లీ శ్రీరంగపట్నం ముందు నిలబడి టిప్పు చేత సంధి చేయించిందంటే, వెనక ధాన్యం మూటలు ఉన్నాయి కాబట్టే. ఇది గొప్పగా చెప్పుకోవాల్నా, బాధపడాల్నా? నాకైతే రెండూ ఉన్నాయి. మనోళ్లు ఏ రాజుకూ బంట్లు కాదు. ధర ఇచ్చినోడికి గింజలు అమ్మినారు.

అదే కంపెనీ 1805లో మద్రాసు ఉప్పును తన గుత్తకు తీసుకుంది. తీరం నుంచి ఉప్పు తెచ్చి పైన ధాన్యానికి మార్చుకునే బేరం సుగాలీలకే కాదు, మన ఎరుకల అన్నదమ్ములకూ బతుకుదెరువు. 1876–78 కరువు పశువుల్ని తుడిచిపెట్టేసింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవిలో మేత నేరమైంది. 1890ల మొదట్లో పాకాల–ధర్మవరం రైలు కూడా వచ్చేసింది. తాండాను రైలే చంపిందని పుస్తకాల్లో రాస్తారు. అది సగమే నిజం. ఊరికే దొరికే గడ్డి పోయిన రోజే ఆ ఆరేడు మైళ్ల లెక్క తప్పింది. రైలు లేని ఊర్లకైనా ఎద్దు ఏం తిని నడవాల?

బేరం పోయినాక కూడా తిరిగేవాళ్లు తిరుగుతానే ఉన్నారు. 1911 నేరస్త తెగల చట్టం మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. ఎరుకలవాళ్లనూ, సుగాలీల్లో కొన్ని గుంపుల్నీ ఆ పట్టీలో ఎక్కించినారు. ఆ చట్టం కింద పేరు నమోదైతే స్టేషనులో హాజరు చెప్పాల, ఊరు కదలాలంటే అనుమతి కావాల. అంతకుముందు వందేళ్ల కింద సైన్యానికి గింజలు తెచ్చింది కూడా అదే తిరుగుడు. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర తీసేసినారు. మన అవ్వాతాతల్లో కొందరు అప్పటికే పుట్టినారు.

మీ తాండాలో ఎనభై దాటినోళ్లు ఉంటే ఈసారి సెలవులకు పోయినప్పుడు అడగండి. ఎద్దు మీద వేసే గోనెలు ఎట్లా కుట్టేవాళ్లు, ఏ కనుమ ఎక్కేవాళ్లు, ఏ చెరువు కాడ దిగేవాళ్లు. చెరువు పేరు తెలిస్తే కామెంట్లో రాయండి. పేర్లన్నీ వరసగా పెడితే పాత దారి గీసుకోవచ్చు.