పది కుర్చీల కోసం నూట పాతికేళ్లు

1897 వేసవి. విక్టోరియా రాణి గద్దెనెక్కి అరవై ఏళ్లు నిండిన సందర్భంగా లండన్ నగరమంతా వజ్రోత్సవాల సందడి. థేమ్స్ ఒడ్డున కొత్తగా తెరిచిన సెసిల్ హోటల్లో ఇరవై మంది స్త్రీలు చదరంగం బల్లల ముందు కూర్చున్నారు. మహిళల కోసం జరిగిన తొలి అంతర్జాతీయ టోర్నీగా చరిత్రకెక్కింది అదే. రెండేళ్ల కిందటే పుట్టిన లేడీస్ చెస్ క్లబ్ ఆ భారాన్ని తలకెత్తుకుంది. పత్రికాధిపతి సర్ జార్జ్ న్యూన్స్ మొదటి బహుమతికి 60 పౌండ్లు ఇచ్చాడు. రోజుకు రెండు గేములు పెట్టారు. సీసం పోసిన బరువైన పావుల్ని పొద్దస్తమానం ఎత్తి పెడుతుంటే ఆడవాళ్లు తట్టుకోగలరా అని అప్పట్లో కొందరు సందేహపడ్డారని చెబుతారు. పందొమ్మిది రౌండ్లూ, 190 గేములూ సజావుగా ముగిశాయి. బ్రిస్టల్ నుంచి వచ్చిన మేరీ రడ్జ్ పద్ధెనిమిది గెలిచి, ఒకటి డ్రా చేసుకుని విజేత అయింది. అప్పటికి ఆమె వయసు 55.

ఆ గెలుపు కన్నా దాని తర్వాతి ఖాళీయే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. చిన్నాచితకా పోటీలు అక్కడక్కడా జరుగుతూ వచ్చాయి. కానీ దేశదేశాల మేటి క్రీడాకారిణులను ఒకచోటికి పిలిచి ప్రపంచ విజేతను తేల్చిన పోటీ కోసం ముప్ఫై ఏళ్లు ఆగాల్సి వచ్చింది. మహిళల చదరంగం చరిత్రను ఏ కొస నుంచి చదివినా ఇదే కథ ఎదురవుతుంది. ఆడగలిగేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. పిలిచేవాళ్లు, పిలిచి మర్యాదగా చూసేవాళ్లు, మళ్లీ ఏడాది కూడా పిలుస్తామని మాట ఇచ్చి నిలబెట్టుకునేవాళ్లు ఉండీ లేనట్టే ఉన్నారు.

1927లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే లండన్‌లో తొలి ఒలింపియాడ్ జరిపింది. దాని పక్కనే పన్నెండు మందితో మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ పెట్టింది. పదకొండు గేముల్లో పదిన్నర పాయింట్లతో వెరా మెన్చిక్ గెలిచింది. మాస్కోలో పుట్టి, పదిహేనేళ్ల వయసులో ఇంగ్లండ్ చేరి, హేస్టింగ్స్‌లో హంగేరీ గ్రాండ్‌మాస్టర్ గేజా మరోజీ దగ్గర మెలకువలు నేర్చుకున్న పిల్ల. అప్పటి నుంచి 1939 దాకా ఏడుసార్లు ఈ పోటీ జరిగితే ఏడుసార్లూ ఆమే గెలిచింది. మొత్తం 83 గేముల్లో ఓడింది ఒక్కటే. 1929లో కార్ల్స్‌బాడ్‌లో మగవాళ్లతో ఆడటానికి వచ్చినప్పుడు, ఆమె చేతిలో ఓడేవాళ్లతో ఒక క్లబ్ పెడదామని ఆల్బర్ట్ బెకర్ హాస్యమాడాడు. అందులో మొట్టమొదటి సభ్యుడు తనే అయ్యాడు. తర్వాతి కాలంలో ప్రపంచ చాంపియన్ అయిన మాక్స్ యూవే కూడా ఆమె చేతిలో ఓడినవాడే.

ఇంతటి మనిషికి దక్కిన వేదిక ఎలాంటిది? పెళ్లి భోజనాల్లో రెండో బంతి లాంటిది. ఒలింపియాడ్ ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరికి వెళ్లాలి, వాళ్లు చూపించిన మూల కూర్చోవాలి. 1930లో హాంబర్గ్‌లో ఆడినవాళ్లు ఐదుగురు. 1931లో ప్రాగ్‌లోనూ ఐదుగురే. ప్రయాణ ఖర్చు పెట్టేవాళ్లు లేకపోతే ప్రపంచ చాంపియన్‌షిప్ అయినా ఇంటి ముంగిట ఆటలా కుంచించుకుపోతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. 1937లో స్టాక్‌హోమ్‌కు వచ్చేసరికి ఆ సంఖ్య 26కు పెరిగింది. అంతలో యుద్ధం ముంచుకొచ్చింది. 1944 జూన్‌లో జర్మన్ల వి-1 బాంబు లండన్‌లోని క్లాపమ్‌లో ఆమె ఇంటి మీద పడింది. తల్లి, చెల్లెలు ఓల్గాతో పాటు వెరా కూడా కన్నుమూసింది. అప్పటికీ ప్రపంచ చాంపియన్ ఆమే.

ఆ రోజుల ముచ్చట వచ్చింది కాబట్టి మనవాళ్లు తరచూ మరచిపోయే ఒక పేరు ఇక్కడ చెప్పాలి. 1933లో బ్రిటిష్ మహిళల చాంపియన్‌షిప్ గెలిచింది ఫాతిమా అనే భారతీయ యువతి. చదరంగ మేధావి సుల్తాన్ ఖాన్‌ను ఇంగ్లండ్ తీసుకెళ్లిన సర్ ఉమర్ హయత్ ఖాన్ పరివారంలోని మనిషి. యజమాని స్వదేశానికి తిరుగుముఖం పట్టాక ఆమె పేరు టోర్నీ పట్టికల్లోంచి మాయమైంది. ఆటగత్తె భవిష్యత్తు మరొకరి ఓడ టికెట్టు మీద ఆధారపడిన కాలమది.

యుద్ధం తర్వాత కథ మాస్కోకు మారింది. ఖాళీగా ఉన్న కిరీటం కోసం 1949 డిసెంబరు నుంచి 1950 జనవరి దాకా పదహారు మందితో అక్కడ టోర్నీ జరిగింది. ల్యుద్మీలా రుదెంకో గెలిచింది. సోవియట్ ప్రభుత్వం దీన్ని ప్రతిష్ఠ కోసమే చేసి ఉండవచ్చు. అయినా మహిళల ఆటకు మొదటిసారి ఒక నిచ్చెన ఏర్పడింది. 1952లో చాంపియన్‌తో తలపడేదెవరో తేల్చే క్యాండిడేట్స్ టోర్నీ, 1957లో నెదర్లాండ్స్‌లోని ఎమ్మెన్‌లో మహిళలకు విడిగా ఒలింపియాడ్, 1971లో క్యాండిడేట్స్‌కు అర్హులను తేల్చే ఇంటర్‌జోనల్ వచ్చాయి. ఏ మెట్టు ఎక్కితే ఏ మెట్టు వస్తుందో ఆటగత్తెకు ముందే తెలిసింది. ఆ నిచ్చెన ఫలం జార్జియా అనుభవించింది. నోనా గప్రిందష్విలి 1961లో యుగోస్లావియాలోని వ్ర్న్యాచ్కా బాన్యాలో క్యాండిడేట్స్ గెలిచి, మరుసటి ఏడు చాంపియన్ అయింది. 1978లో ఆమెను దించింది కూడా మరో జార్జియా అమ్మాయే, పదిహేడేళ్ల మాయా చిబుర్దనిద్జె. టిబిలిసీలో చదరంగానికి ఏకంగా ఒక సౌధమే కట్టారు.

1991లో చైనాకు చెందిన షియే జున్ మనీలాలో చిబుర్దనిద్జెను ఓడించింది. అదే ఏడాది సోవియట్ యూనియన్ కూలింది, దానితో డబ్బు సంచీ కూడా చిరిగింది. ఆ దశకంలో డచ్ కోటీశ్వరుడు యోప్ వాన్ ఊస్టరమ్ ఏటా మేటి మహిళలను, పాత తరం మహామహులను ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒక్కో టోర్నీకి ఒక్కో నాట్యం పేరు పెట్టి ఆడించాడు. ఒక మనిషి ఇష్టం మీద నడిచిన పండుగ అది. నిచ్చెన మాత్రం మళ్లీ విరిగింది. 2000లో న్యూఢిల్లీలో మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్‌ను 64 మందితో నాకౌట్‌గా జరిపారు. రెండేళ్లకు హైదరాబాద్‌లో ప్రపంచ కప్ జరిగితే పురుషుల్లో ఆనంద్, మహిళల్లో బల్గేరియాకు చెందిన ఆంటోనెటా స్టెఫనోవా గెలిచారు. నాకౌట్ ప్రేక్షకుడికి ఉత్సాహంగానే ఉంటుంది. కానీ రెండు గేములు తేడా కొడితే సామాను సర్దుకోవాల్సిందే. 2012లో ప్రపంచ చాంపియన్‌గా ఖాంతీ మాన్సిస్క్ వెళ్లిన హౌ యిఫాన్ రెండో రౌండ్లోనే ఇంటిదారి పట్టింది. ఒక ఏడు నాకౌట్, మరో ఏడు మ్యాచ్ అంటూ సాగిన ఆ పద్ధతిలో కిరీటం విలువ తగ్గింది. ఆ తప్పు ఆటగత్తెలది కాదు, ఏర్పాట్లదే.

అందుకే పది మంది రౌండ్ రాబిన్ అంటే నాకు అంత గౌరవం. ప్రతి ఒక్కరూ ప్రతి ఒక్కరితో ఆడాలి. తొమ్మిది రౌండ్లు, రోజుకు ఐదు బల్లలు, మొత్తం 45 గేములు. తప్పించుకునే దారి లేదు, ఒక్క ఓటమితో బయటికి పోయే ప్రమాదమూ లేదు. ఉత్తర ఉరల్ పర్వతాల్లో క్రస్నోతురీన్స్క్ అనే అల్యూమినియం కర్మాగారపు ఊరు ఉంది. ఈ శతాబ్ది మొదట్లో అక్కడ ఏటా మహిళల సూపర్ టోర్నీ జరిగేది. మాస్కో, లండన్ లాంటి నగరాలు చేయని పనిని ఆ చిన్న ఊరు చేసింది. 2005లో అక్కడ గెలిచింది గుడివాడలో పుట్టిన పద్ధెనిమిదేళ్ల కోనేరు హంపి. 2009లో ఫిడే మహిళల గ్రాండ్ ప్రి మొదలుపెడితే ఇస్తాంబుల్‌లో జరిగిన తొలి టోర్నీ కూడా ఆమెదే. 2009-2011 ఆవృత్తంలో టిరానాలో హౌ యిఫాన్‌తో కిరీటం కోసం తలపడటానికి ఆమెకు దారి చూపింది ఈ గ్రాండ్ ప్రి వరసే.

ఇలాంటి టోర్నీ జరపడం ఎంత పనో బయటివాళ్లకు తెలియదు. ఆహ్వానాలకు ముందే తేదీలు చూడాలి. లీగ్ మ్యాచ్‌లతో, ఖండస్థాయి పోటీలతో అడ్డం పడకూడదు. తర్వాత వీసాలు. 2024లో టొరంటో క్యాండిడేట్స్‌కు కొద్దివారాల ముందు కూడా వీసాలు రాక, ఫిడే బహిరంగంగా కెనడా ప్రభుత్వానికి విన్నవించుకోవాల్సి వచ్చింది. హాల్లో వెలుతురు బల్ల మీద నీడ పడకుండా ఉండాలి, కుర్చీ కిర్రుమనకూడదు. నలభై ఎత్తులకు గంటన్నర, ఆపైన అరగంట, ఎత్తు ఎత్తుకూ ముప్ఫై సెకన్లు అనుకుంటే ఒక గేము ఐదారు గంటలు సాగవచ్చు. అంతసేపూ ఏసీ ఎంతలో ఉండాలన్నది కూడా ఆర్బిటర్ తలనొప్పే. గుమ్మంలో మెటల్ డిటెక్టర్, పావుల కదలికను తనంతట తాను పంపే బోర్డులు, దొంగ సాయం అందకుండా ప్రసారాన్ని కొన్ని నిమిషాలు ఆలస్యం చేయడం ఇప్పుడు మామూలు ఏర్పాట్లు. క్యాండిడేట్స్ లాంటి చోట్ల ఒకే దేశంవాళ్లను మొదటి రౌండ్లలోనే తలపడేట్టు చీటీలు వేస్తారు. చివర్లో ఒకరికొకరు పాయింట్లు ఇచ్చుకున్నారన్న అనుమానం రాకూడదు కదా.

వేదిక ఎంపిక కూడా ఒక నైతిక నిర్ణయమే. 2008లో జార్జియా, రష్యాల మధ్య యుద్ధపు వేడి చల్లారకముందే ప్రపంచ చాంపియన్‌షిప్ రష్యాలోని నల్చిక్‌లో జరిపారు. జార్జియా క్రీడాకారిణులు పలువురు వెళ్లలేదు. 2017లో టెహ్రాన్‌లో తలకు ముసుగు తప్పనిసరి కావడంతో అమెరికా చాంపియన్ నాజీ పైకిద్జె పోటీ మానుకుంది. ఆ ఏడాది చివర్లో రియాద్ ర్యాపిడ్, బ్లిట్జ్ పోటీలకు వెళ్లనని అన్నా ముజిచుక్ రెండు ప్రపంచ టైటిళ్లను వదులుకుంది. రెండు కిరీటాలు వదులుకోవడం తేలిక కాదు. ఆ భారాన్ని ఆమె మీద మోపింది వేదికను నిర్ణయించినవాళ్లే.

2017లోనే జిబ్రాల్టర్ ఓపెన్‌లో పది రౌండ్లకు ఏడింట్లో తనకు మహిళలనే జత చేశారని హౌ యిఫాన్ ఆగ్రహించింది. ఆఖరి రౌండ్‌లో ఐదు ఎత్తులకే గేము వదిలేసి నిరసన తెలిపింది. ఎదుట కూర్చున్నది మన విజయవాడ గ్రాండ్‌మాస్టర్ లలిత్ బాబు. అందరితో కలిసి ఆడాలన్న ఆమె కోరిక న్యాయమైనది. మహిళలకు విడిగా మేటి టోర్నీలు కావాలన్నదీ న్యాయమే. ఈ రెంటికీ పొసగదన్న వాదన నాకెప్పుడూ రుచించలేదు. మగవాళ్ల టోర్నీల్లోనే ఆడి ఎదిగిన జుదిత్ పోల్గార్‌కు ఒక ఇల్లుంది, తండ్రి ఉన్నాడు, పట్టుదల ఉంది. పదిహేనేళ్ల పిల్ల ఆట మానకుండా ఉండాలంటే ఇరవై అయిదేళ్లకు దాని మీద బతకగలనన్న నమ్మకం కుదరాలి. ఆ నమ్మకాన్ని ఇచ్చేవి ఈ టోర్నీలే.

2019 నుంచి గాలి మారింది. క్యాండిడేట్స్‌ను ఫిడే మళ్లీ రౌండ్ రాబిన్‌గా కజాన్‌లో జరిపింది. అదే ఏడు అమెరికాలోని సెయింట్ లూయిస్ చెస్ క్లబ్ పది మందితో కెయిర్న్స్ కప్ పెట్టింది. క్లబ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన జీన్ సింక్విఫీల్డ్ పుట్టింటి పేరు అది. 2020 ఫిబ్రవరిలో జరిగిన రెండో కప్ హంపిదే. అప్పటికి ఆమె బిడ్డ తల్లి, రెండేళ్లు ఆటకు దూరంగా ఉండి తిరిగి వచ్చిన మనిషి. ఆఖరి రౌండ్‌లో ఆమె ఎదుట కూర్చున్నది గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక. ఆ గేము డ్రా అయింది, హంపి ఆరు పాయింట్లతో మొదటి స్థానంలో నిలిచింది. మిసిసిపీ ఒడ్డున, అంత దూరాన, ఇద్దరు తెలుగు ఆడపిల్లలు ఒక మేటి టోర్నీ ఆఖరి బల్లకు ఎదురెదురుగా కూర్చున్నారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. 2022లో మహాబలిపురం ఒలింపియాడ్‌లో హారిక నిండు గర్భిణిగా ఆడి, జట్టుతో కలిసి కాంస్యం అందుకుంది. మాతృత్వాన్ని ఆటకు అడ్డంకిగా చూడని ఏర్పాట్లు ఉండాలని అడగడానికి ఇంకేం కావాలి?

2024లో నార్వే చెస్ స్టావెంజర్‌లో పురుషులతో సమానమైన బహుమతి మొత్తంతో, అదే హాల్లో, ఆరుగురు మహిళల టోర్నీ మొదలుపెట్టింది. కోల్‌కతాలో టాటా స్టీల్ 2022లోనే సమాన బహుమతి ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో పుణె గ్రాండ్ ప్రి జరిగింది. హంపి, చైనాకు చెందిన ఝు జినెర్ ఏడేసి పాయింట్లతో సమంగా ఉంటే టైబ్రేక్‌లో హంపి గెలిచింది. మూడు నెలలకు బతూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్. ఈ చివర హంపి, ఆ చివర నాగ్‌పూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్. రెండు క్లాసికల్ గేములూ డ్రా అయ్యాక ర్యాపిడ్‌లో దివ్య గెలిచింది.

ఇక మన గడ్డ సంగతి. 1994లో హైదరాబాద్ దగ్గరి సంఘీనగర్ ఆనంద్, కామ్‌స్కీల క్యాండిడేట్స్ పోరుకు ఆతిథ్యమిచ్చింది. 2002లో హైదరాబాద్ ప్రపంచ కప్ నిర్వహించింది. చేతకాదని ఎవరూ అనలేరు. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో పది మందితో, ఏటా ఒకే నెలలో, కనీసం ఐదేళ్లపాటు ఆగకుండా జరిగే మహిళల టోర్నీ కావాలి. పది మందిలో ఒక చోటు స్థానిక అమ్మాయికి. మొదటి ఏడు ఆమె అన్ని గేములూ ఓడిపోవచ్చు. అయినా రెండో ఏడు కూడా ఆమెనే పిలవాలి.