బ్యాంకు లేని జమానాలో చాందీ పియాలా

17వ సదీలో అమెరికాలోని బోస్టన్ షహర్‌లో బ్యాంకు లేదు. తిజారత్ చేసి నాలుగు డబ్బులు వెనకేసుకున్న ఖాందాన్‌కు ఒకటే ఫికర్: ఈ దౌలత్ ఎక్కడ దాచాలి? చేతికొచ్చేవి ఎక్కువగా స్పానిష్ వెండి సిక్కాలు. దొంగ ఎత్తుకెళితే, ఏ సిక్కా ఎవరిదో ఎవరు చెప్పగలరు? అందుకే వాటిని మూటగట్టి చాందీ కారీగర్‌కు ఇచ్చేవాళ్లు. ఆయన కరిగించి పియాలానో, చెంచాలో, మూత ఉన్న పెద్ద లోటానో చేసిచ్చేవాడు. దాని మీద మూడు హర్ఫులు చెక్కేవాళ్లు: పైన ఇంటిపేరుది, కింద మియా బీవీలవి. ఇక పోయినా గుర్తుపట్టొచ్చు. జరూరత్ పడితే మళ్లీ కరిగించుకోవచ్చు. దస్తర్‌ఖాన్ మీద షాన్, లోపల ఖజానా!

లండన్‌లో చాందీని పరీక్షించి ముద్ర వేసే సంఘం ఉండేది. బోస్టన్‌లో అదీ లేదు. కారీగర్ కొట్టిన తన పేరు ముద్రే గవాహీ. అంటే జనం తమ జమా సొమ్మంతా ఒక మనిషి ఈమాన్‌దారీ మీద వదిలేశారన్నమాట. 1652లో మసాచుసెట్స్ సర్కార్ సొంత సిక్కాలు కొట్టాలనుకున్నప్పుడు పిలిచింది కూడా ఇలాంటి ఉస్తాద్‌నే: జాన్ హల్. ఆయనకు షరీక్ రాబర్ట్ శాండర్సన్.

పని ఆసాన్ కాదు. చదును రేకును ఇనుప దిమ్మె మీద పెట్టి, సుత్తితో చుట్టూ కొడుతూ కొడుతూ గిన్నెలా పైకి లేపాలి. కొట్టేకొద్దీ చాందీ గట్టిపడుతుంది. జిద్దుగా ఇంకా కొడితే చీలుతుంది. అందుకే మధ్యమధ్యలో ఎర్రగా కాల్చి మెత్తబరిచి మళ్లీ మొదలు. షాగిర్దులు ఏళ్ల తరబడి ఇది నేర్చుకునేవాళ్లు. తర్వాత వెండిని రేకుగా సాగదీసే యంత్రాలొచ్చి ఈ మెహనత్ తగ్గింది. అమెరికా ఆజాదీ పోరాటంలో మషూర్ అయిన పాల్ రివీర్ 1785లో అలాంటిది కొన్నాడు.

కానీ ముద్రలో ఉండేది దుకాణం మాలిక్ పేరే. కొన్ని దుకాణాల్లో, ముఖ్యంగా దక్షిణాన చార్ల్‌స్టన్‌లో, సుత్తి పట్టింది గులాములు. వాళ్ల హునర్ మ్యూజియం అద్దాల వెనక ఉంది, మీద పేరు మాత్రం మాలిక్‌ది. అందుకే నాకు పీటర్ బెంట్‌జన్ మీద ఖాస్ ఇజ్జత్. ఆఫ్రికన్ సంతతికి చెందిన ఆజాద్ మనిషి. 19వ సదీ మొదట్లో ఫిలడెల్ఫియాలోనూ, కరీబియన్‌లోని సెయింట్ క్రాయ్ దీవిలోనూ పనిచేశాడు. ఆయన చేసిన చాందీ సామాన్ కొద్దిగానే మిగిలింది. దాని మీద ముద్ర ఆయన సొంతది.