గోడ మీది ఎర్ర త్రికోణం

సున్నం కొట్టిన గోడ. దాని మీద తలకిందులుగా ఎర్ర త్రికోణం. అనంతపురం జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉన్న ఏ ఊరిలోనైనా చదువు రాని అవ్వ కూడా ఆ గుర్తు చూసి అది ఎందుకుందో చెప్పగలదు. అదే ఊళ్ళో ఆర్.సి.ఎం. చర్చి, అంటే రోమన్ కతోలిక చర్చి ఉంటే, ఆ ఇళ్ళ ఆడవాళ్ళు రెండు మాటలు వింటూ పెరిగారు. ఇద్దరు చాలంటుంది గోడ. అడ్డుకోవడం పాపమంటుంది చర్చి. గోడ మీద బొమ్మ ఎలా పుట్టింది, చర్చిలో మాట ఎక్కడ పుట్టింది, ఆ మాట మీద కతోలికులే తమలో తాము ఎందుకు తగవుపడ్డారు అన్నది చాలా దూరం నుంచి మొదలయ్యే కథ.

మొదట వచ్చింది త్రికోణం కాదు, పూసల దండ. స్వతంత్ర భారతంలో తొలి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. కతోలికురాలు కారు, గాంధీగారి శిష్యురాలు. కృత్రిమ సాధనాలంటే గాంధీగారికి ఎంత అయిష్టమో ఆమెకూ అంతే. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థను సాయం అడిగితే అమెరికా నుంచి డాక్టర్ అబ్రహాం స్టోన్ వచ్చారు. నెలసరి రోజులు లెక్కపెట్టుకుని కొన్నాళ్ళు ఎడంగా ఉండే పద్ధతిని ఢిల్లీలోని లోడీ కాలనీలోనూ, బెంగళూరు దాపున రామనగరంలోనూ పరీక్షించి చూశారు. లెక్క తప్పకుండా ఆడవాళ్ళకు రంగురంగుల పూసల దండలిచ్చారు. రోజుకో పూస జరుపుకోవాలి. చివరిదాకా నిలబడినవాళ్ళు కొద్దిమందే. పగలంతా కూలికి పోయి, రాత్రి మొగుడి మాట కాదనలేని మనిషి చేతిలో పూస ఏం చేస్తుంది?

చిత్రంగా అదే 1951 అక్టోబరులో పోప్ పన్నెండో భక్తినాథుడు, అంటే పయస్, మంత్రసానులతో మాట్లాడుతూ ఈ రోజుల లెక్కకే తగిన కారణముంటే అనుమతి ఉందన్నారు. మరుసటి ఏడు ప్రపంచ ఆరోగ్య మహాసభలో కుటుంబ నియంత్రణ ఊసెత్తితే బెల్జియం, ఐర్లండ్, ఇటలీ వంటి కతోలిక దేశాలు అడ్డం తిరిగాయి, విషయం అక్కడే ఆగిపోయింది. రామనగరంలో పూసలే ఎందుకు పంచారో అర్థం కావాలంటే గాంధీగారితో పాటు ఈ సంగతీ తలచుకోవాలి.

కతోలిక నిషేధానికి ఈనాటి రూపం 1930లో వచ్చింది. ఆ ఏడు ఆగస్టులో ఆంగ్లికన్ బిషప్పులు లండన్‌లోని లాంబెత్‌లో కూడి, కొన్ని షరతులతో గర్భనిరోధానికి తలుపు తీశారు. డిసెంబరు 31న పదకొండో పయస్ ‘కాస్తి కొన్నూబీ’ అనే విశ్వలేఖతో, అంటే పోప్ అధికారిక బోధన లేఖతో, ఆ తలుపు తమ వైపు గట్టిగా మూశారు. తర్వాత్తర్వాత మిగతా ప్రొటెస్టెంటు సంఘాల్లో చాలా వరకు లాంబెత్ దారే పట్టాయి. మన గుత్తి వైపు లండన్ మిషన్ నాటిన సంఘాలు 1947లో సి.ఎస్.ఐ.లో, అంటే దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. అంటే ఒకే వాడలో, ఒకే బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకునే ఇద్దరు ఆడవాళ్ళలో సి.ఎస్.ఐ. ఆమెకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ పాపం కాదు, ఆర్.సి.ఎం. ఆమెకు పాపం. ఏసుక్రీస్తు ఇద్దరికీ ఒకడే.

ఇక త్రికోణం. 1960ల నడుమ కేంద్ర కుటుంబ నియంత్రణ శాఖలో ప్రచారం చూసిన ధర్మేంద్ర కుమార్ త్యాగి, అందరూ దీప్ త్యాగి అనే అధికారి, దేశమంతటికీ ఒకే గుర్తు ఉండాలని పట్టుబట్టి తెచ్చిన బొమ్మ అది. భాష అక్కర్లేదు, లిపి అక్కర్లేదు, ఎవరైనా ఒక డబ్బా ఎర్ర రంగుతో గీయగలరు. పక్కన అమ్మ, నాన్న, కొడుకు, కూతురు, నాలుగు నవ్వు మొహాలు. సిగ్గుతో గుసగుసగా మాట్లాడుకునే సంగతిని బస్టాండు గోడ మీదికి తెచ్చిన మనిషి ఆయన. 1969లోనే పోయారు. అంతకు ముందు ఏడాది, 1968లో, నిరోధ్ కండోమ్ వచ్చింది. మూడింటికి 15 పైసలు. టీ పొడి, సబ్బులు, సిగరెట్లు, బ్యాటరీలు అమ్మే బ్రూక్‌బాండ్, హిందుస్థాన్ లీవర్, ఐటీసీ, యూనియన్ కార్బైడ్ లాంటి కంపెనీల ద్వారానే పల్లె అంగళ్ళకు చేరవేశారు. దాని ప్రకటన రేడియోలో వినబడింది, సినిమా హాల్లో, డబ్బాకొట్టు రేకు మీద కనబడింది.

అదే 1968 జూలైలో రోము నుంచి ‘హుమానే వీతే’ వెలువడింది.

ఈ విశ్వలేఖ వెనక ఐదేళ్ళ కథ ఉంది. 1963లో ఇరవై మూడో జాన్ పోప్ గర్భనిరోధం సంగతి తేల్చడానికి ఒక సంఘం వేశారు. ఆరో పాల్ దాన్ని పెంచారు. అందులో వేదాంతులు, డాక్టర్లు, బిషప్పులతో పాటు కాపురం చేసే దంపతులూ ఉన్నారు. బొంబాయి కార్డినల్ వలేరియన్ గ్రేషియస్ కూడా సభ్యుడే. చికాగో నుంచి వచ్చిన ప్యాట్, ప్యాటీ క్రౌలీ దంపతులు 18 దేశాల్లోని 3,000 జంటల అనుభవాలు పట్టుకొచ్చారు. భక్తి గల కతోలికులే, రోజుల లెక్క తమ కాపురాలను ఎలా కోసేసిందో రాశారు. గదిలో కూర్చున్న పూజారులు ఆ మాటలు వినడం అదే మొదటిసారి అనుకుంటాను. 1966లో సంఘంలో ఎక్కువమంది మార్పుకే ఓటేశారు. పోప్ మాత్రం తక్కువమంది మాటే విన్నారు. కృత్రిమ సాధనమేదైనా నిషిద్ధం, ఆపరేషన్ కూడా నిషిద్ధం అని తేల్చారు. మనసులను రెచ్చగొట్టే ప్రసార సాధనాలను ఖండిస్తూ అందులో ఒక పేరా ఉంది. కాబట్టి గోడ మీది బొమ్మ వాళ్ళకు రెండు తప్పులు. వస్తువు ఒక తప్పు, దాన్ని నలుగురిలో చాటడం ఇంకో తప్పు.

తిరుగుబాటు మరునాడే మొదలైంది. వాషింగ్టన్ కతోలిక విశ్వవిద్యాలయంలో ఫాదర్ చార్లెస్ కరన్ ముందు నిలబడితే, దంపతులు తమ అంతరాత్మ ప్రకారం తేల్చుకోవచ్చంటూ ఎనభై ఏడు మంది వేదాంతులు సంతకం పెట్టారు. కెనడా బిషప్పులు సెప్టెంబరులో విన్నిపెగ్‌లో దాదాపు అదే మాట అన్నారు.

నేను ఈ వాదంలో అసమ్మతి పలికినవాళ్ళ వైపు. కానీ ఒక్క విషయంలో విశ్వలేఖకు దక్కాల్సిన గౌరవం దక్కలేదు. ఈ సాధనాలు ప్రభుత్వాల చేతికి వస్తే ప్రజల మీద బలవంతంగా రుద్దుతాయని అందులో ముందే హెచ్చరించారు. ఎనిమిదేళ్ళు తిరక్కుండా ఎమర్జెన్సీలో అదే జరిగింది. 1976–77లో ఒక్క ఏడాదిలో అరవై లక్షల మందికి పైగా మగవాళ్ళకు వేసెక్టమీ చేశారు. బడిపంతుళ్ళకు సైతం టార్గెట్లు పెట్టారు. త్యాగి నవ్వు మొహాల బొమ్మ జనాన్ని పరుగెత్తించే బొమ్మ అయింది. మగవాళ్ళు ఆ భయం నుంచి ఇప్పటికీ తేరుకోలేదు, భారం ఆడవాళ్ళ మీద పడింది. ఈనాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో పదిమంది వివాహితల్లో దాదాపు ఏడుగురు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. కండోమ్ వాడే దంపతులు నూటికి ఒక్కరు కూడా లేరు.

అందుకే రోములో గర్భనిరోధ సాధనాల మీద నడిచిన తగవు కరువు సీమకు వచ్చేసరికి ఆపరేషన్ తగవుగా మారింది. వాన పడక, చెనక్కాయ చేను ఎండిపోయి, బెంగళూరు బస్సెక్కే ఇంటి ఇల్లాలికి మూడో కాన్పు అంటే రక్తం లేని ఒంటికి ఇంకో గండం. కతోలిక ఆసుపత్రిలో కాన్పయితే, నియమం ప్రకారం అక్కడ ఆ ఆపరేషన్ చేయరు. పచ్చి బాలింతగా ఇంకో ఆసుపత్రికి పోవాలి. పోయినవాళ్ళు పోయారు, ఆదివారం పూజకూ వచ్చారు. వాళ్ళెవరూ ప్రకటనల మీద సంతకాలు పెట్టలేదు. ఇదీ ఒక రకం అసమ్మతే, విన్నిపెగ్ కంటే బలమైనదని నా నమ్మకం.

ఎయిడ్స్ వచ్చాక తగవు మళ్ళీ గోడకెక్కింది. 2001 ఎయిడ్స్ దినం నాటికి అమెరికాలోని ‘క్యాథలిక్స్ ఫర్ ఎ ఫ్రీ చాయిస్’ సంస్థ కండోమ్ నిషేధం ప్రాణాలు తీస్తోందని బిషప్పుల పేరెత్తి వాషింగ్టన్ మెట్రోలో ప్రకటనలు పెట్టింది. వాళ్ళు కతోలికులే కారని అక్కడి బిషప్పులు అంతకు ముందు నుంచే చెబుతూ వచ్చారు. ఆ తర్వాత కొద్దికాలానికే మన రోడ్ల మీద పులిరాజా హోర్డింగులు లేచాయి. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అన్న ప్రశ్న పిల్లల నోళ్ళలో కూడా నానింది. 2005లో భారత కతోలిక బిషప్పుల సమాఖ్య హెచ్ఐవీ విధానం ప్రకటించింది. రోగుల పట్ల కరుణ నిండుగా ఉంది, కండోమ్‌కు మాత్రం చోటు లేదు. మొగుడికి హెచ్ఐవీ ఉండి పెళ్ళానికి లేని ఇంటికి ఏం చెప్పాలి? 2006లో కార్డినల్ కార్లో మరియా మార్టీని అలాంటి చోట కండోమ్ వాడడం చిన్న కీడు అన్నారు. 2010లో పదహారో బెనెడిక్ట్ కూడా కొన్ని సందర్భాల్లో అది బాధ్యతకు తొలి అడుగు కావచ్చని ఒప్పుకున్నారు.

హైదరాబాదు–బెంగళూరు లారీల దారి అనంతపురం మీదుగానే పోతుంది. హెచ్ఐవీ సోకిన ఇళ్ళవాళ్ళు చేరేది బత్తలపల్లిలోని రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ) ఆసుపత్రికి. దాన్ని నిలబెట్టిన విన్సెంట్ ఫెర్రర్ ఒకప్పుడు జెస్యూట్ గురువు. 1968లో మహారాష్ట్ర నుంచి వెళ్ళగొడితే 1969లో అనంతపురం వచ్చారు, 1970లో గురుత్వం వదిలి పెళ్ళి చేసుకున్నారు. వదిలిన కారణం గర్భనిరోధం కాదు, దానికి ముడిపెట్టడం తప్పు. అయితే ఆయన సంస్థ వైద్య విభాగంలో అంటురోగాల ఆసుపత్రితో పాటు కుటుంబ నియంత్రణ కేంద్రం కూడా ఉంది. 2009లో ఆయన పోయినప్పుడు దండ వేసినవాళ్ళలో ఎవరూ ఆ సంగతి తప్పుగా ఎంచినట్టు నేను వినలేదు.

ఇప్పుడు గోడ మాట మారుతోంది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న 1994 నాటి నిబంధనను 2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీసేసింది. పిల్లల్ని కనండి అని ముఖ్యమంత్రే పిలుపునిస్తున్నారు. కేరళలో కొందరు బిషప్పులు అదే పిలుపు ఎప్పుడో ఇచ్చారు. డెబ్బై ఏళ్ళలో మొదటిసారి ప్రభుత్వమూ చర్చీ ఒకే మాట అంటున్నాయి. ఎంతమంది పిల్లలన్నది చివరికి దేవుని ముందు దంపతులే తేల్చుకోవాలని 1965లోనే రెండో వాటికన్ మహాసభ రాసిపెట్టింది. ఆ మాట ఏ గోడ మీదా నేను చూడలేదు, ఏ పూజ ప్రసంగంలోనూ వినలేదు.